లెన్స్ అమ్మి హెడ్ కొనండి

పనోరమా మొదలుపెట్టేవాళ్లకు మన దగ్గర దొరికే సలహాలన్నీ ఒకే తీరు. ఫోన్‌లోనే ఆ మోడ్ ఉంది కదా, దాంతో తీసెయ్యి అంటారు. కెమెరా ఉందంటే, చేత్తో పట్టుకుని చుట్టూ తిరుగుతూ టకటకా నొక్కు, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది అంటారు. ఇంకా బాగా రావాలంటే వెడల్పాటి లెన్స్ కొనుక్కో అంటారు. ఈ మూడు మాటలకూ ఎదురు వెళ్లమని నేను చెబుతున్నాను. డబ్బు పనోరమా హెడ్ మీద పెట్టండి. బరువైన ట్రైపాడ్ మోయండి. అవసరం లేదని అందరూ అనే చోట కూడా కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే రైలు బిగించండి. అందరూ కెమెరాలు బయటికి తీసే వేళకు మీరు సర్దుకుని వచ్చేయండి. షాపువాళ్లకు, ఫొటో క్లబ్బుల్లో పెద్దలకు ఇవి తలతిక్క సలహాలుగా వినిపిస్తాయని తెలుసు. అయినా ఈ పనికి ఆ మొండితనమే కావాలి.

ఎందుకంటారా? లేపాక్షి వెళ్లి చూడండి. వీరభద్రస్వామి గుడిలో కల్యాణ మండపానికి పైకప్పు లేదు. విజయనగర కాలంలో, అచ్యుతరాయల ఏలుబడిలో విరూపణ్ణ కట్టించిన గుడి అది. మండపం పూర్తికాకుండానే ఆగిపోయింది. స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి, శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, మునులు వాటి మీద నిలువెత్తున ఉన్నారు. మధ్యలో నిలబడితే ఒక స్తంభం మీకు ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటుంది, దాని వెనక ఇంకోటి, ఆ వెనక ప్రాకారం. మామూలు ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి తిప్పారనుకోండి. కెమెరా తిరిగేది అడుగున స్క్రూ బిగించిన చోటు చుట్టూ. లెన్స్ దానికి ఓ పది సెంటీమీటర్లు ముందుకు పొడుచుకుని ఉంటుంది. 30 డిగ్రీలు తిప్పితే లెన్స్ తన చోటు నుంచి ఐదు సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. అంటే రెండో ఫ్రేమ్‌ను మీరు వేరే చోట నిలబడి తీసినట్టే.

ఐదు సెంటీమీటర్లే కదా అనుకోకండి. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే, ఒకటిన్నర మీటరు దూరంలోని స్తంభం వెనకున్న గోడతో పోలిస్తే వంద పిక్సెళ్లకు పైగా జరుగుతుంది. మొదటి ఫ్రేమ్‌లో ముందు స్తంభం వెనక దాక్కున్న శిల్పం చెయ్యి రెండో ఫ్రేమ్‌లో బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ ఫ్రేమ్‌ను నమ్మాలి? అది రెంటినీ సగం సగం నమ్మి, మధ్యలో అతుకు వేసి, అతుకు కనబడకుండా రుద్దేస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ స్తంభం అంచు ఏ శిల్పీ చెక్కలేదు. ఆ చేతికి వేళ్లు నాలుగో, ఆరో ఉండొచ్చు. నా దృష్టిలో అది లేపాక్షి ఫొటో కాదు.

ఫోన్‌తో ఇది ఇంకా ఘోరం. చేతులు చాచి ఫోన్ పట్టుకుని మనం తిరుగుతాం, అంటే ఇరుసు మన వెన్నెముక దగ్గర, లెన్స్ అరమీటరు దూరంలో. 30 డిగ్రీలు తిరిగేసరికి లెన్స్ పాతిక సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. బీచ్‌లో సముద్రానికి అది చాలు. స్తంభాల మండపానికి పనికిరాదు.

రెండో లెన్స్ అమ్మేయండి

మీ బ్యాగులో రెండు లెన్స్‌లు ఉంటే ఒకటి అమ్మి, ఆ డబ్బుతో పనోరమా హెడ్ కొనండి. కెమెరా బాడీ పాతదైనా ఫర్వాలేదు. పన్నెండు ఫ్రేములు కలిసి ఒక ఫొటో అయ్యే పనిలో మెగాపిక్సెళ్లకు కరవు ఉండదు. ఇందాక చెప్పిన 24 మెగాపిక్సెల్ కెమెరాను నిలువుగా పెట్టి, 24 మిల్లీమీటర్ల దగ్గర చుట్టూ తీస్తే ఫొటో వెడల్పు పాతికవేల పిక్సెళ్లు వస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేస్తే దాదాపు ఏడడుగులు. ఇంతకన్నా పెద్ద బాడీ కొని ఏం చేస్తారు?

హెడ్ అంటే నేను చెప్పేది మూడు భాగాలున్నది. కింద డిగ్రీల గీతలున్న తిరుగుడు చక్రం, తిప్పుతుంటే నిర్ణీత డిగ్రీల దగ్గర టిక్కుమని ఆగేదైతే మరీ మంచిది. దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే రైలు, మిల్లీమీటర్ల కొలతతో. రైలు మీద కెమెరాను నిలువుగా నిలబెట్టే ఎల్ బ్రాకెట్. నోడల్ నింజా, మాన్‌ఫ్రాటో, లియోఫోటో, సన్‌వే లాంటి పేర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పైకీ కిందికీ రెండు మూడు వరసలు తీయడానికి నిలువు చక్రం కూడా ఉన్నవి ఉంటాయి. మొదటి ఏడాది అది అక్కర్లేదు, ఒక్క వరస శుభ్రంగా తీయడం రానివ్వండి.

కొనే స్తోమత లేకపోతే మానేయమని నేను అనను. లేత్ షాపుకి వెళ్లండి. మందపాటి అల్యూమినియం పట్టీని ఎల్ ఆకారంలో వంచి, అడుగు పట్టీకి పొడుగునా ఒక గాడి కోయించుకుంటే అదే రైలు. ఒక్కటి గుర్తుంచుకోండి, కెమెరా అడుగున ఉండే మర మన బజారులో ఎక్కువగా దొరికే మిల్లీమీటర్ల బోల్టుకు ఎక్కదు. పావు అంగుళం బోల్టు, అంగుళానికి ఇరవై చుట్లున్న మర అని అడగండి. ట్రైపాడ్ పైనుండే పెద్ద స్క్రూ అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, దానికి అంగుళానికి పదహారు చుట్లు. తప్పుడు బోల్టును బలవంతంగా తిప్పితే పాడయ్యేది కెమెరా మరే.

జూమ్ లెన్స్ అయితే ఒక్క చోట పెట్టి రింగు మీద టేపు వేసేయండి. ఫుల్ ఫ్రేమ్‌లో 24, చిన్న సెన్సర్ కెమెరాలో 18. జూమ్ కదిలిన ప్రతిసారీ లెన్స్ తిరగాల్సిన చోటు కూడా కదులుతుంది, మీరు చేసిన కొలతంతా వృథా. జూమ్ ఉన్నది వాడుకోవడానికే కదా అంటారు. పనోరమా తీసేటప్పుడు దాన్ని మరచిపోండి.

తిరిగే చోటు ఇంట్లో వెతకండి

ఇదే అసలు పని. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే. చాలామంది దీన్ని కొండ మీదికి వెళ్లాక, వెలుగు పోతున్నప్పుడు మొదలుపెడతారు. ఇంట్లో చేయండి, ఒక ఆదివారం పొద్దుటి పూట మొత్తం దీనికే ఇవ్వండి. తిరగలి పై రాయి మేకు చుట్టూ తిరిగినట్టు కెమెరా లెన్స్ లోపలి ఒకే ఒక్క చోటు చుట్టూ తిరగాలి. అందరూ నోడల్ పాయింట్ అని పిలిచేది దీన్నే, లెక్కప్రకారం అది లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ ఉన్న చోటు. కంటితో చూడొచ్చు కూడా. లెన్స్‌ను ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి, అపర్చర్ రెక్కల మధ్య కన్నం ఎక్కడో లోతున కనిపిస్తుంది. అది ఎంత లోతులో ఉన్నట్టు కనిపిస్తుందో అక్కడే మీ ఇరుసు ఉండాలి. వెతుకులాట అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ముందు ఎడమ కుడి సరిచేయండి. కెమెరాను నేలకేసి వంచగల హెడ్ అయితే లెన్స్‌ను నేరుగా కిందికి చూడనివ్వండి. తిరుగుడు చక్రం నట్టనడుమ ఉన్న స్క్రూ ఫ్రేమ్ సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా జరపండి. వంగని హెడ్ అయితే ముందు నుంచి చూసి, లెన్స్ నడిమి గీత చక్రం నడిమికి పైన ఉందో లేదో స్కేలుతో కొలవండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు.

ఇక ముందు వెనకలు. గుమ్మంలో పైన మేకుకు ఒక దారం కట్టి, కింద బరువుకి ఒక నట్టు వేలాడదీయండి. ఫ్యాను ఆపండి, దారం ఊగకూడదు. ట్రైపాడ్‌ను దారానికి మీటరు దూరంలో, గుమ్మం లోంచి వీధి కనబడేలా నిలబెట్టండి. వీధిలో దూరంగా నిలువుగా ఉన్నది ఏదైనా చూసుకోండి. కరెంటు స్తంభమో, సెల్ టవరో, నీళ్ల ట్యాంకు కాలో. దారం ఆ స్తంభం పక్కనే, సన్నటి సందు వదిలి, కనబడాలి. ఇప్పుడు కెమెరాను తిప్పి దారాన్ని ఫ్రేమ్ కుడి అంచుకు తీసుకురండి. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి ఆ సందు ఎంతుందో చూడండి. తర్వాత కెమెరాను కుడి వైపు తిప్పుతూ పోండి, దారం ఎడమ అంచుకు వస్తుంది. మళ్లీ సందు చూడండి. సందు మారిందా? కెమెరా కుడికి తిరిగినప్పుడు దారం స్తంభానికి ఎడమకు జరిగితే కెమెరా మరీ ముందుకు ఉన్నట్టు, రైలు మీద వెనక్కు లాగండి. కుడికి జరిగితే మరీ వెనకున్నట్టు, ముందుకు తొయ్యండి.

ఐదేసి మిల్లీమీటర్లతో మొదలుపెట్టి చివరికి ఒక్కో మిల్లీమీటరుకు దిగండి. ఒక దశలో ఆ అంచు నుంచి ఈ అంచు దాకా తిప్పినా దారానికీ స్తంభానికీ మధ్య సందు వెంట్రుకవాసి కూడా మారదు. అప్పుడు ఆపండి. రైలు మీది అంకె చదివి చీటీ మీద రాసి ట్రైపాడ్ కాలికి అంటించండి. అది చాలదు, రైలు మీద ఆ గీత దగ్గర గోళ్ల రంగు ఒక చుక్క పెట్టండి. చీకట్లో, చెమట పట్టిన కళ్లతో అంకెలు చదవలేరు. ఎర్ర చుక్క కనబడుతుంది.

బాల్ హెడ్‌ను తలకిందులు చేయండి

మామూలు బాల్ హెడ్‌లో తిరిగే చక్రం అడుగున ఉంటుంది, గుండు దాని పైన. గుండును వదులు చేసి కెమెరా మీది బుడగను నడిమికి తెచ్చి, సమంగా ఉందనుకుని మనం చక్రం తిప్పుతాం. ఇరుసు మాత్రం ట్రైపాడ్ వాలిన వైపే వాలి ఉంటుంది. మొదటి ఫ్రేమ్‌లో సమంగా ఉన్న దిగంతం నాలుగో ఫ్రేమ్‌కు ఎక్కుతుంది, ఎనిమిదో ఫ్రేమ్‌కు దిగుతుంది. తర్వాత దాన్ని సరిచేయడానికి పైనా కిందా కత్తిరిస్తే మండపం తల సగం పోతుంది.

దీనికి మందుగా లెవెలింగ్ బేస్ అమ్ముతారు, మంచిదే. నేను ముందు చెప్పేది ఖర్చు లేనిది. మీ బాల్ హెడ్‌కు పైన క్లాంపు ఉంటే దాన్నే ట్రైపాడ్ మీద ఒక ప్లేటుకు పట్టించి, హెడ్‌ను తలకిందులుగా నిలబెట్టండి. ఇప్పుడు గుండు కింద, తిరిగే చక్రం పైన. గుండుతో సమం చేస్తే ఇరుసే నిటారుగా నిలుస్తుంది. దాని పైన రైలు బిగించండి. చూసేవాళ్లు బిగించడం రాలేదనుకుంటారు, అనుకోనివ్వండి. ఒకటి మాత్రం చూసుకోండి, బరువైన కెమెరాకు ఆ గుండు బిగువు చాలాలి. చాలకపోతే ఈ పద్ధతి వద్దు, లెవెలింగ్ బేసే కొనండి.

సమం చేశాక మూడు దిక్కులకు తిప్పి బుడగ చూడండి. మూడు చోట్లా నడిమిన ఉంటేనే సమం. మధ్య కాలమ్‌ను పైకి లేపకండి, ఎత్తు కావాలంటే కాళ్లు పొడిగించండి. తేలికపాటి కార్బన్ ట్రైపాడ్ గొప్పని అంటారు. నాకు బరువైనదే ఇష్టం, బండ మీద కాలు మోపి నిలబడుతుంది.

నిలువుగా, ఎక్కువగా

కెమెరాను నిలువుగానే పెట్టండి. అడ్డంగా పెడితే ఫ్రేములు తగ్గుతాయి, నిజమే, కానీ ఎత్తు చచ్చిపోతుంది. ఫ్రేమ్‌కు ఫ్రేమ్‌కు ఎంత కలవాలంటే నాలుగో వంతు చాలు అని పుస్తకాల్లో ఉంటుంది. నాకు చాలదు. 24 మిల్లీమీటర్ల లెన్స్ నిలువు ఫ్రేమ్‌లో అడ్డంగా 53 డిగ్రీలు చూస్తుంది. 30 డిగ్రీలకొకటి చొప్పున పన్నెండు తీయండి, ప్రతి ఫ్రేమ్‌లో 23 డిగ్రీలు పక్కదానితో కలుస్తాయి. వెడల్పు లెన్స్‌ల అంచులు మెత్తగా, కాస్త నల్లగా ఉంటాయి. ఎక్కువ కలిస్తే అతుకు అంచులకు దూరంగా, లెన్స్ బాగా పనిచేసే భాగంలో పడుతుంది. 35 మిల్లీమీటర్లకైతే 24 డిగ్రీల చొప్పున పదిహేను, 50కైతే 18 డిగ్రీల చొప్పున ఇరవై.

దూరపు కొండకైనా రైలు విప్పకండి

ఇక్కడే నాతో ఎక్కువమంది వాదిస్తారు. దూరంగా ఉన్న దృశ్యానికి నోడల్ పాయింట్ అవసరం లేదు, లెక్క వేసి చూడు అంటారు. లెక్క వాళ్లదే ఒప్పు. వంద మీటర్ల దూరంలో ఉన్న దానికి ఆ ఐదు సెంటీమీటర్ల తేడా రెండు పిక్సెళ్లు, అంతే. అయినా రైలు విప్పకండి.

గండికోటకు వెళ్లండి. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే లోయ అంచున నిలబడండి. ఎదుటి గట్టు దూరం, కింద నీరు దూరం, ఆకాశం దూరం. అన్నీ దూరమే అనిపిస్తుంది. ఫ్రేమ్ అడుగున ఏముందో చూడండి. మీరు నిలబడ్డ బండ, దాని పగుళ్లు, పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాళ్లు, మీ కాలికి మీటరు దూరంలో. గండికోట అందమంతా ఆ పొరల్లో ఉంది. ఎదుటి గట్టున ఉన్న పొరలే మీ కాళ్ల కింద కూడా ఉన్నాయి, వాటిని కలిపి చూపించాలనే మీరు పనోరమా తీస్తున్నది. అతుకు ఆ బండ మీదే చిరుగుతుంది. చిరిగిందని అడుగు కత్తిరిస్తే మిగిలేది లోయ కాదు, పోస్ట్ కార్డు.

చేత్తో తీసినా బాగానే వచ్చింది అని మీకు చూపించే ఫొటోల్లో అడుగు భాగం ఎక్కడ ఆగిందో చూడండి. ఆ బండ ఉందో లేదో చూడండి.

సూర్యాస్తమయాన్ని వదిలేయండి

గండికోటలో సాయంత్రం అందరూ ఒకే అంచుకు చేరతారు. మీరు ఆ వేళకు పని ముగించేయండి. 360 డిగ్రీల ఫొటోలో సూర్యుడు ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఉంటాడు, మిగతావాటిలో ఉండడు. ఒకే ఎక్స్‌పోజర్‌లో రెంటినీ పట్టుకోలేరు. పైగా ఆ వేళ వెలుగు నిమిషానికో రకంగా మారుతుంది. టైమర్ పెట్టి, ఊపు ఆగేదాకా ఆగి పన్నెండు తీయాలంటే రెండు మూడు నిమిషాలు పడుతుంది, మొదటి ఫ్రేమ్ బంగారు రంగు, చివరిది ఊదా రంగు. అవి రెండూ పక్కపక్కనే కలవాలి, కలవవు.

నేను చెప్పేది పల్చటి మబ్బు కమ్మి నీడలు లేని పగలు. ఆకాశం బాగాలేదని అందరూ కెమెరా లోపల పెట్టే రోజు. రాయి రంగు, రాయి గరుకు ఆ వెలుగులోనే కనిపిస్తాయి. వేగంగా పరుగెత్తే మబ్బులుంటే మాత్రం ఆగండి, మబ్బు ఒక ఫ్రేమ్‌లో ఒక చోట, ఇంకో ఫ్రేమ్‌లో ఇంకో చోట ఉంటుంది.

పోలరైజర్ విప్పేయండి. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన అది ఆకాశాన్ని ఎక్కువ ముదురు చేస్తుంది, మిగతా చోట తక్కువ. చుట్టూ తీసిన ఫొటోలో ఆకాశం మీద రెండు నల్లటి పట్టీలు పడతాయి. వాటిని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ శుభ్రంగా తీయలేరు.

ఇక కెమెరాలో ఆటో అన్నది ఏదీ ఉంచకండి. ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ చేత్తో, ఒక్కసారి పెట్టి ముట్టకుండా. ట్రైపాడ్ మీద కుదుపు తగ్గించే స్టెబిలైజర్ ఆపేయండి. చుట్టూ ఒకసారి తిరిగి ఎక్కువ వెలుగున్న దిక్కును చూసి దానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టండి, రా ఫైళ్లు తీయండి. ఫుల్ ఫ్రేమ్‌లో 24 మిల్లీమీటర్లు, ఎఫ్ 11 పెట్టి రెండు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే ఒక మీటరు నుంచి అనంతం దాకా అంతా స్ఫుటంగా వస్తుంది. లేపాక్షి స్తంభానికీ గండికోట బండకూ అదే చాలు.

పదమూడో ఫ్రేమ్ తీయండి

పన్నెండు అయ్యాక చక్రాన్ని మళ్లీ మొదటి గీత దగ్గరికి తెచ్చి ఇంకోటి తీయండి. అక్కర్లేని ఫ్రేమ్ అని వెంటనే అనిపిస్తుంది. మొదటిదాన్నీ పదమూడోదాన్నీ కెమెరా వెనక తెర మీదే ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూడండి. రాయి కదిలినట్టు కనిపిస్తే మధ్యలో ట్రైపాడ్ కాలు జారింది. వెలుగు తేడాగా ఉంటే మబ్బు కమ్మింది లేదా తొలిగింది. ఏదైనా సరే, మొత్తం మళ్లీ తీయండి. ఇంటికి వెళ్లాక తెలిస్తే లాభం లేదు.

మనుషుల సంగతి. లేపాక్షిలో, గండికోటలో జనం ఉంటారు, ఉండాలి కూడా. మొత్తం అందరూ వెళ్లేదాకా ఆగకండి. ఒక మనిషి రెండు ఫ్రేములు కలిసే చోట నడుస్తుంటే ఆ ఫ్రేమ్‌ను ఆయన దాటాక మళ్లీ తీసి పెట్టుకోండి, అంతే.

అనుమతి గురించి ఒక మాట. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గర బతిమాలుకోవడం, లోపలికి దాచి తీసుకెళ్లడం చేయకండి. అర్జీ రాయండి, ఏ రోజు, ఎంతసేపు, ఏ భాగం అని స్పష్టంగా రాయండి. కాళ్లకు రబ్బరు తొడుగులు వేయండి, మొనదేలిన ఇనుప కాళ్లు ఆ బండల మీద పెట్టడం తప్పు. పూజ జరిగే గుళ్లో పూజారికి ముందే చెప్పండి, గర్భగుడి వైపు కెమెరా పెట్టకండి.

కలపకముందు విడదీయండి

హగిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. జర్మనీకి చెందిన హెల్మట్ డెర్ష్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1998లో తయారుచేసిన పనోరమా టూల్స్ మీద కట్టినది అది. డబ్బు పెట్టి కొనే పీటీగుయ్ కూడా అక్కణ్నుంచే పెరిగింది. ఫొటోషాప్, లైట్‌రూమ్ ఒక్క బటన్‌తో కలిపేస్తాయి. మొదట్లో వాటిని ముట్టుకోకండి, ఎందుకంటే అవి ఎక్కడ తప్పు జరిగిందో చెప్పకుండా కప్పేస్తాయి.

హగిన్‌లో రెండు ఫ్రేముల్లోనూ ఒకే రాతి మూలను గుర్తుపట్టి చుక్కలు పెడతాం, కంట్రోల్ పాయింట్లు అంటారు. అది తనంతట తానే పెడుతుంది, ఆకాశంలో మబ్బు మీద కూడా పెడుతుంది, ఎగిరే పక్షి మీద కూడా పెడుతుంది. వాటిని తీసేసి, స్తంభం మూలల మీద, శాసనం అక్షరాల మీద మీరే పెట్టండి. దగ్గరి రాయి మీద కొన్ని, దూరపు గోడ మీద కొన్ని. చుక్కల మధ్య సగటు తేడా ఎన్ని పిక్సెళ్లో అది చెబుతుంది. దగ్గరివీ దూరంవీ రెండూ కలిపి సగటు రెండు పిక్సెళ్లు దాటితే ఆ సెట్‌ను పక్కన పెట్టి మళ్లీ వెళ్లి తీయండి. చుక్కలు తీసేస్తూ పోతే అంకె తగ్గుతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకో పని, దాదాపు ఎవరూ చేయనిది. అతికించిన ఫొటో కన్నా ముందు, అతికించకుండా సర్దిన ఫ్రేములను విడివిడిగా సేవ్ చేయండి, హగిన్‌లో ఆ వీలుంది. వాటిని జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా పెట్టి ఒక్కో పొరను ఆర్పుతూ వెలిగిస్తూ చూడండి. రాయి కదలకపోతే హెడ్ సరిగ్గా పనిచేసింది. కదిలిందంటే మళ్లీ ఆ దారమూ కరెంటు స్తంభమూ.

1858లో ఏం చేశారో చూడండి

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా లినయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఉండేవాడు. మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఫొటోలు తీసినవాడు. 1858లో ఆయన తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం మీది శాసనాలను ఒక్క వరసగా పట్టుకున్నాడు. ఇరవై ఒక్క ఫొటోలు, పక్కపక్కన అతికిస్తే పంతొమ్మిది అడుగులు. కాగితపు నెగెటివ్‌లు, మోయలేని బరువు కెమెరా. గోడ పొడుగునా కెమెరానే జరుపుకుంటూ పోయాడు, ఎందుకంటే ఆ పనికి తిప్పడం కాదు, జరపడం కావాలి. అక్షరాలు అక్షరాలుగా కలవడమే ఆయనకు ముఖ్యం. ఆయన చేతిలో తప్పును కప్పే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. ఆ ఫొటోల్ని అందుకే నమ్మొచ్చు.

పనోరమా సాక్ష్యం కావాలి అన్నదే నా పట్టుదల అంతా. మామూలు ఫొటో గుడిని చూపిస్తుంది. చుట్టూ తీసిన ఫొటో ఆ గుడి దేన్ని చూస్తూ నిలబడిందో చూపిస్తుంది, కోనేరు ఎటు, ఊరు ఎటు, ఏటి రేవు ఎటు అన్నది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మరో ప్రాజెక్టు కోసం నాగార్జునకొండ కట్టడాలను నీటి పైకి, కొండ మీదికి, అనుపుకు తరలించారు. రాళ్లు మిగిలాయి. అవి మొదట నిలిచిన చోటు నుంచి చుట్టూ కనబడినది మాత్రం నీళ్ల కింద ఉంది, ఈరోజు ఎవరు ఎంత మంచి హెడ్ తెచ్చినా దాన్ని తీయలేరు.

కాబట్టి లేపాక్షికి, గండికోటకు తర్వాత వెళ్దురు గాని. దారంతో కొలత కుదిరిన మరుసటి ఆదివారం మీ ఊరి పాత మండపం దగ్గరికో, చెరువు తూము దగ్గరికో వెళ్లండి. రోడ్డు వెడల్పు చేయడానికి గీత పడినది ఏదైనా ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. నడిమిన నిలబడి పన్నెండూ, పదమూడోదీ తీయండి. ఫైలు పేరులో తేదీ, నిలబడిన చోటు, లెన్స్ నేల నుంచి ఎంత ఎత్తున ఉందో రాయండి. విడి ఫ్రేములను చెరిపేయకండి. ఒక ప్రతిని గుడి కమిటీకో, ఊరి గ్రంథాలయానికో, బడికో ఇచ్చి, ఇచ్చినట్టు ఒక కాగితం రాయించుకోండి.